ఎంతుంటే జబ్బు, ఎక్కడుంటే ముప్పు

1836లో పారిస్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ డొన్నే స్త్రీల యోనిస్రావాన్ని మైక్రోస్కోప్ కింద పరీక్షిస్తూ, సన్నని కొరడాల్లాంటి పోగులు ఝళిపిస్తూ ఈదే ఒక జీవిని చూశాడు. ఈనాడు దాన్ని ట్రైకోమోనాస్ వజైనాలిస్ అంటున్నాం. క్రిముల వల్ల జబ్బులొస్తాయన్న సిద్ధాంతం అప్పటికి నిలదొక్కుకోలేదు. లూయీ పాశ్చర్ ఇంకా బడికి వెళ్లే కుర్రవాడు. 165 ఏళ్ల తర్వాత, 2001లో, అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఏ బాధా లేకపోయినా ఈ క్రిమి ఉన్నట్టు పరీక్షలో తేలిన 617 మంది గర్భిణులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మెట్రోనిడజోల్, రెండో జట్టుకు మందు లేని మాత్రలు ఇచ్చారు. మందు వేసుకున్నవారిలో నూటికి 93 మందికి క్రిమి పోయింది. అయినా వారిలో నూటికి 19 మందికి 37 వారాలు నిండకముందే కాన్పయింది. మందు లేని మాత్రలు మింగినవారిలో నూటికి దాదాపు 11 మందికే అలా జరిగింది. పరీక్ష అబద్ధం చెప్పలేదు, మందు పనిచేయక పోలేదు, క్రిమి పోయింది. బిడ్డకు మాత్రం మేలు జరగలేదు. మోతాదు ఎక్కువైందని, పరిశోధనను మధ్యలోనే ఆపేశారని విమర్శలు వచ్చాయి, వాటిలో న్యాయం ఉంది. అయినా క్రిమిని పట్టుకుంటే నెలలు నిండని కాన్పును ఆపినట్టేనన్న నమ్మకానికి అంత గట్టి దెబ్బ అంతకుముందు తగల్లేదు.

గర్భిణుల నమూనాలలో సూక్ష్మజీవులను వెతికే ల్యాబ్ చరిత్రను సాధారణంగా చూపు పెరిగిన కథగా చెబుతారు. మొదట భూతద్దం, తర్వాత రంగులద్దిన స్లైడు, ఆపైన కల్చర్ ప్లేటు, చివరికి పీసీఆర్, జన్యు క్రమ విశ్లేషణ. ప్రతి మెట్టు మీదా ఇంకాస్త చిన్నది, ఇంకాస్త అరుదైనది కనబడుతుంది. ఆ కథలో అబద్ధం లేదు, కానీ అసలు విషయం అందులో లేదని నా అభిప్రాయం. తల్లికీ బిడ్డకీ నిజంగా పనికొచ్చిన పరీక్షలన్నీ చూపు వల్ల గెలవలేదు, గీత వల్ల గెలిచాయి. ఎంత ఉంటే జబ్బు, శరీరంలో ఎక్కడ ఉంటే ముప్పు, గర్భం ఎన్నో వారంలో ఉంటే పట్టించుకోవాలి అనే హద్దును, పుట్టిన బిడ్డల లెక్కతో సరిచూసి గీసిన చోట ల్యాబ్ ప్రాణాలు కాపాడింది. ఆ హద్దును ల్యాబ్ సౌకర్యాన్ని బట్టి గీసిన చోట, వేలమంది స్త్రీలకు అక్కరలేని మందులు పడ్డాయి.

బాలింత జ్వరం నుంచే ఈ సంగతి మొదలైంది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేత చేతులు కడిగించి మరణాలు తగ్గించాడు, కానీ ఆ చేతుల మీద ఏముందో చూపించలేకపోయాడు. 1879లో పారిస్ వైద్య అకాడమీలో పాశ్చర్ గొలుసులా పేరుకున్న గుండ్రటి క్రిముల బొమ్మను బల్ల మీద గీసి, బాలింతలను చంపుతున్నది ఇదేనన్నాడు. ఐదేళ్లకు బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ తన రంగుల పద్ధతిని ప్రకటించాడు. ఆ దశాబ్దంలో కనబడ్డ క్రిమి ప్రతిదీ శత్రువే. ఆ వేడిలో 1892లో లైప్జిగ్ నగరపు ప్రసూతి వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లైన్ రాసిన పుస్తకం ఎదురు గాలిలా వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల యోనిస్రావంలో పొడుగాటి కర్రల్లాంటి బ్యాక్టీరియా నిండుగా ఉంటాయని, అవి ల్యాక్టిక్ ఆమ్లం తయారుచేసి ఆ చోటిని పుల్లగా ఉంచుతాయని, చీము పుట్టించే క్రిములను ఎదగనివ్వవని అతను చూపించాడు. ఇప్పుడు వాటిని ల్యాక్టోబాసిల్లస్ అంటున్నాం. క్రిమి ఉండటమే ఆరోగ్యమైన చోటు ఒకటి ఉందని ల్యాబ్ చెప్పడం బహుశా అదే మొదలు. ఉందా లేదా అని అడిగే పరీక్ష ఆ చోట పనికిరాదని ఆనాడే తేలిపోవాల్సింది. ఆ మాట వైద్యులకు ఎక్కడానికి వందేళ్లు పట్టింది.

సిఫిలిస్ కథ దీనికి పూర్తిగా భిన్నం, అందుకే దాన్ని పక్కన పెట్టి చూడాలి. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ ఆ జబ్బు క్రిమిని కనుక్కున్నారు. మరుసటి ఏడాది వాసర్‌మన్ బృందం రక్తపరీక్ష తెచ్చింది. ఆ పరీక్ష క్రిమిని చూడదు, క్రిమి మీద పుట్టిన ప్రతిరోధకాన్ని కూడా సూటిగా చూడదు. మొదట జబ్బు సోకిన పిండాల కాలేయం నుంచి, తర్వాతి రోజుల్లో ఎద్దు గుండె నుంచి తీసిన కొవ్వు పదార్థంతో రోగి రక్తం జరిపే చర్యను చూస్తుంది. మన ఆసుపత్రుల్లో గర్భిణులకు చేసే వీడీఆర్ఎల్ పరీక్ష ఆ వంశంలోదే. ఈ క్రిమిని ల్యాబులో ఎడతెగకుండా పెంచే పద్ధతి 2018 దాకా ఎవరికీ చేతకాలేదు. చూపు విషయంలో ఇంతకంటే పేద పరీక్ష ఉండదు. అయినా 1938లో న్యూయార్క్, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు ప్రతి గర్భిణికీ ఈ రక్తపరీక్ష చేయాలని చట్టం చేశాయి. పెన్సిలిన్ వచ్చాక ఈ పరీక్ష వల్ల చచ్చి పుట్టే బిడ్డలు, నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు తగ్గారు. కారణం స్పష్టం. ఈ క్రిమి మనిషి ఒంట్లో ఎక్కడా నివాసి కాదు. ఉంటే జబ్బే. ఇక్కడ గీత ప్రకృతే గీసి పెట్టింది. మిగతా క్రిముల విషయంలో మనుషులే గీసుకోవాలి.

అలా గీసిన మొదటి మనిషి ఎడ్వర్డ్ కాస్. 1950లలో బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో అతనికి ఎదురైన చిక్కు ప్రతి ల్యాబ్ మనిషికీ తెలిసినదే: మూత్రం మూత్రాశయంలో శుభ్రంగానే ఉంటుంది, కానీ బయటికొచ్చే దారిలో చర్మం మీది క్రిములను వెంటబెట్టుకొస్తుంది. కల్చర్ చేస్తే దాదాపు అందరి మూత్రంలోనూ ఏదో ఒకటి పెరుగుతుంది. అప్పటి ఆసుపత్రుల్లో దీనికి విరుగుడు గొట్టం వేసి మూత్రం తీయడం. ఆ గొట్టమే ఇన్‌ఫెక్షన్ తెచ్చేది. కాస్ క్రిములను చూడటం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూత్రాన్ని పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలచన చేసుకుంటూ పోయి, ప్లేట్ల మీద పెరిగిన కాలనీలు లెక్కించాడు. కిడ్నీ ఇన్‌ఫెక్షన్ ఉన్నవారి లెక్కలు మిల్లీలీటరుకు లక్ష దాటి ఒక గుంపుగా చేరాయి, దారిలో అంటుకున్న క్రిముల లెక్కలు చాలా కిందనే ఇంకో గుంపుగా ఆగిపోయాయి. మధ్యలో పలచగా ఉన్న ఖాళీలో అతను లక్ష దగ్గర గీత గీశాడు. శాంపిల్ గంటల తరబడి బల్ల మీద ఉండిపోతే క్రిములు అందులోనే పిల్లలు పెడతాయి కాబట్టి వెంటనే కల్చర్ చేయాలని, లేదా చల్లగా దాచాలని చెప్పాడు. ఒకసారి కాదు, వరసగా రెండు శాంపిళ్లలో రావాలన్నాడు. ఈ రోజు మన ఊళ్లలో డయాగ్నస్టిక్ సెంటర్లు యూరిన్ కల్చర్ రిపోర్టులో రాసే ఆ అంకె వెనక ఉన్నది ఈ లెక్కే.

తర్వాత కాస్ ఆ గీతను గర్భిణుల మీద సరిచూశాడు. ఏ బాధా లేకుండా మూత్రంలో క్రిములున్న గర్భిణులు నూటికి ఆరుగురి దాకా తేలారు. మందు ఇవ్వకుండా వదిలేస్తే వారిలో చాలామందికి గర్భం ముదిరాక కిడ్నీ ఇన్‌ఫెక్షన్ వచ్చింది, మందు ఇచ్చినవారికి అది అరుదు. మందు పడనివారిలో తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలూ ఎక్కువే. అతని బృందం 1971లో ప్రకటించిన పరిశోధనలో వాడిన మందు టెట్రాసైక్లిన్.  టెట్రాసైక్లిన్ కడుపులోని బిడ్డ పళ్లకు, ఎముకలకు పట్టుకుంటుందని తెలిశాక గర్భిణులకు ఇవ్వడం మానేశారు. కాస్ గీత మీద కూడా తర్వాత సందేహం వచ్చింది. 2015లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో, మూత్రంలో క్రిములున్నా చికిత్స పడని గర్భిణుల్లో కిడ్నీ ఇన్‌ఫెక్షన్ నూటికి ఇద్దరు ముగ్గురికే వచ్చింది, నెలలు నిండని కాన్పులు పెరగనేలేదు. 1950ల బోస్టన్ పేద స్త్రీల ఆరోగ్యం వేరు, ఈ శతాబ్దపు డచ్ స్త్రీల ఆరోగ్యం వేరు. ఇది నా వాదనను బలహీనపరచదు. గీతకు ఊరూ కాలమూ ఉంటాయి, ఒకచోట గీసినదాన్ని ఇంకోచోట మళ్లీ కొలిచి చూసుకోవాలి అనే చెబుతుంది.

ఎంత అన్న ప్రశ్నకు కాస్ జవాబు చెబితే, ఎక్కడ అన్న ప్రశ్నను ముందుకు తెచ్చినది యూరియాప్లాస్మా. అమెరికా నౌకాదళంలో పనిచేసిన మారిస్ షెపర్డ్ 1954లో మూత్రనాళ వాపు ఉన్న మగవారిలో దీన్ని మొదట గుర్తించాడు. దీనికి కణకవచం లేదు. అందుకే గ్రామ్ రంగు పట్టదు, పెన్సిలిన్ పనిచేయదు. దీన్ని పట్టుకునే పద్ధతి ఈ చరిత్రలో అందమైన వాటిలో ఒకటి. యూరియా కలిపిన ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు సూచిక వేసి, కొంచెం ఆమ్లంగా ఉంచుతారు. అప్పుడు ద్రవం లేత పసుపుగా ఉంటుంది. నమూనా వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టాక, ఈ జీవి యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా వదులుతుంది, ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. విశేషమేమిటంటే ద్రవం ఏమాత్రం మబ్బుగా మారదు. మామూలు బ్యాక్టీరియా పెరిగితే కల్చర్ కలకబారుతుంది. ఇవి ఎంత చిన్నవంటే కోట్లు పెరిగినా గొట్టం తేటగానే ఉంటుంది. పసుపు గులాబీ అయి, తేటగా ఉంటే అదే గుర్తు. ఆలస్యం చేస్తే తాము వదిలిన అమ్మోనియాకే అవి చచ్చిపోతాయి కాబట్టి, రంగు మారిన వెంటనే టెక్నీషియన్ ఒక చుక్క తీసి కొత్త ప్లేటుకు ఎక్కించాలి.

ఈ పరీక్ష బాగా పట్టుబడ్డాక అందరూ గర్భిణుల యోనిస్రావంలో యూరియాప్లాస్మాను వెతికారు. ఆరోగ్యవంతులైన స్త్రీలలో నూటికి 40 నుంచి 80 మంది దాకా దొరికింది. 1991లో అమెరికాలో ఈ క్రిమి ఉన్న గర్భిణులకు ఎరిత్రోమైసిన్ ఇచ్చి చూస్తే కాన్పు సమయంలో తేడా రాలేదు. అంతటితో ఈ క్రిమిని అమాయకమైనదిగా వదిలేయవచ్చు. కానీ అదే దశాబ్దాల్లో రాబర్టో రొమెరో వంటి పరిశోధకులు ఇంకో చోట వెతికారు. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన స్త్రీల కడుపులోంచి సూదితో ఉమ్మనీరు తీసి కల్చర్ చేస్తే, సంచి పగలకున్నా సుమారు ఎనిమిది మందిలో ఒకరికి క్రిములు పెరిగాయి. ముందుగానే ఉమ్మనీరు పోయినవారిలో ముగ్గురిలో ఒకరికి. ఆ క్రిముల్లో అన్నింటికంటే ఎక్కువగా దొరికింది యూరియాప్లాస్మానే. యోనిలో ఉన్నప్పుడు ఏమీ చెప్పని క్రిమి, ఉమ్మనీటిలో కనబడితే చాలా చెబుతుంది. అది అక్కడికి చేరిందంటే గర్భాశయ ముఖం దాటింది, ఉమ్మనీటి సంచి పొరలను చేరింది, ఆ పొరల్లో వాపు రసాయనాలు పుట్టాయి, వాటి వెంట నొప్పులు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్లు పుట్టాయి. తల్లికి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. చప్పుడు లేకుండా జరిగిపోతుంది. 32 వారాలలోపు కాన్పుల్లో ఈ దారి మరీ ఎక్కువ. అయితే ప్రతి గర్భిణికీ సూదితో ఉమ్మనీరు తీయలేం. సులభంగా అందే నమూనా యోనిస్రావం, నిజం చెప్పే నమూనా ఉమ్మనీరు. ఈ రంగంలో సగం తడబాట్లు ఈ తేడాలోంచే పుట్టాయి.

ఆ తడబాట్లలో పెద్దది బ్యాక్టీరియల్ వజైనోసిస్. 1955లో హ్యూస్టన్ వైద్యులు హెర్మన్ గార్డ్నర్, చార్లెస్ డ్యూక్స్ పలచటి బూడిద రంగు తెల్లబట్టకు కారణం ఒక చిన్న క్రిమి అని ప్రకటించారు. ఇప్పుడు దానికి గార్డ్నర్ పేరే ఉంది, గార్డ్నరెల్లా. స్లైడు మీద యోని పొర కణాల అంచులు కనబడకుండా ఈ క్రిములు ఇసుక చల్లినట్టు అంటుకుని ఉంటాయి. ఆ కణాలను చూస్తే చాలు, జబ్బు తెలిసిపోయేది. వాళ్లు ఒక ప్రయోగం కూడా చేశారు, ఈనాడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోని ప్రయోగం. శుద్ధమైన కల్చర్‌ను 13 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఎక్కిస్తే ఒక్కరికే జబ్బు వచ్చింది. రోగుల స్రావాన్నే 15 మందికి ఎక్కిస్తే 11 మందికి వచ్చింది. ఆ స్త్రీల శరీరాలతో అలా ఆడుకోవడం తప్పు. అంత మూల్యం చెల్లించి వచ్చిన జవాబునైనా సరిగ్గా వినలేదన్నది ఇంకో బాధ. ఒక్క క్రిమి కాదు, మొత్తం సమూహం మారడమే జబ్బు అని ఆ అంకెలే చెప్పాయి. అయినా పాతికేళ్లకు పైగా ఆ ఒక్క క్రిమినే వెతికారు.

1983లో సియాటిల్ బృందం నాలుగు గుర్తులు పెట్టింది: పలచటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే వచ్చే చేపల వాసన, ఇసుక చల్లినట్టుండే కణాలు. నాలుగింటిలో మూడుంటే జబ్బు. 1991లో నూజెంట్, క్రోన్, హిల్లియర్ ముగ్గురూ స్లైడును అంకెలుగా మార్చారు. వెయ్యింతలు పెద్దది చేసి చూపే కటకం కింద పొడుగాటి నీలం కర్రలు, చిన్న రంగుతప్పిన ముక్కలు, వంకర క్రిములు ఎన్నెన్ని ఉన్నాయో చూసి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. ఏడు, ఆపైన వస్తే జబ్బు. ఈ పద్ధతి పుట్టడానికి కారణం గొప్పదే. ఏ ల్యాబులో చదివినా, ఎవరు చదివినా స్లైడు ఒకే మాట చెప్పాలి. కానీ ఆ ఏడు అనే గీత చదివేవారి మధ్య ఏకాభిప్రాయం కోసం గీసినది. బిడ్డ ఎప్పుడు పుడతాడన్నదాన్ని బట్టి గీసినది కాదు.

1995 డిసెంబరులో ఒకే వైద్యపత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకటి 10,397 మంది గర్భిణులను గమనించి, ఈ జబ్బు ఉన్నవారికి నెలలు నిండకుండా తక్కువ బరువు బిడ్డలు పుట్టే అవకాశం 1.4 రెట్లని చెప్పింది. రెండోది అప్పటికే ముప్పు ఎక్కువున్న స్త్రీలకు రెండు యాంటీబయాటిక్‌లు ఇస్తే, ఈ జబ్బు ఉన్నవారిలో నెలలు నిండని కాన్పులు తగ్గాయని చెప్పింది. ఆశ చిగురించింది, అది సహజం. 2000లో 1,953 మందితో పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది: మెట్రోనిడజోల్ వేసుకున్నవారిలో నెలలు నిండని కాన్పులు నూటికి 12.2, వేసుకోనివారిలో 12.5. క్రిములు తగ్గాయి, కాన్పులు మారలేదు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. గర్భం సగం దాటాక మందిస్తే ఏం లాభం, పొరల్లో వాపు అప్పటికే మొదలై ఉంటుంది, తప్పు పరీక్షది కాదు, ఆలస్యానిది అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. 2003లో లండన్‌లో గర్భం తొలి భాగంలోనే క్లిండమైసిన్ ఇచ్చిన పరిశోధనలో గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పులు కలిపి నూటికి 16 నుంచి 5కు పడిపోయాయి. ఆ లెక్కతో ఫ్రాన్స్‌లో చాలా పెద్ద పరిశోధన చేపట్టి, 15 వారాలలోపే స్త్రీలను పరీక్షించి క్లిండమైసిన్ ఇచ్చారు. 2018లో ఫలితం వెలువడింది. ముప్పు తక్కువున్న స్త్రీలలో ఆలస్య గర్భస్రావాలు, మరీ ముందస్తు కాన్పులు మందు పడినవారిలో నూటికి 1.2, పడనివారిలో 1.0. ఆలస్యం అన్న వివరణ ఇక్కడ నిలవలేదు. నాకు తోచే వివరణ వేరు: ఈ స్లైడులో ఒకే మార్కు వచ్చిన స్త్రీలలో అధికశాతం మందికి క్రిములు కిందే ఉండిపోతాయి, కొద్దిమందికే పైకి పాకుతాయి. ఎవరికి పాకుతాయో నూజెంట్ మార్కు చెప్పదు. 2020లో అమెరికా నిపుణుల సంఘం ముప్పు తక్కువున్న గర్భిణులకు ఈ పరీక్ష చేయవద్దని సలహా ఇచ్చింది. బాధ ఉన్న స్త్రీకి వైద్యం చేయడం వేరు సంగతి, అది చేయాల్సిందే.

ఇంకో అభ్యంతరం మన ఆసుపత్రుల్లో రోజూ వినబడేది. క్రిమి దొరికింది, మందు ఉంది, ఇస్తే పోయేదేముంది అని. పోయేది ఉంది. 2001లో వెలువడిన ఒరాకిల్ పరిశోధనల్లో ఒకటి, సంచి పగలకుండా ముందస్తు నొప్పులు వచ్చిన 6,295 మంది స్త్రీల మీద జరిగింది. యాంటీబయాటిక్‌ల వల్ల కాన్పు ఆగలేదు. ఏడేళ్ల తర్వాత ఆ పిల్లలను వెతికి చూస్తే, ఎరిత్రోమైసిన్ పడిన తల్లుల పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ నూటికి 3.3, పడనివారిలో 1.7. అదే ఎరిత్రోమైసిన్, ఉమ్మనీరు ముందే పోయిన స్త్రీలకు ఇచ్చినప్పుడు కాన్పును కొంత వాయిదా వేసింది, అందుకే వారికి ఇప్పటికీ యాంటీబయాటిక్ ఇస్తున్నారు. సంచి పగిలిందా లేదా అన్న ఒక్క తేడా మీద అదే మందు మేలుగానో కీడుగానో తేలింది. జాగ్రత్త కోసం ఇస్తున్నాం అనే మాట ఆ ఏడేళ్ల పిల్లల ముందు చెల్లదు.

కాలం గీత ఎంత పనిచేస్తుందో చూపినది గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్. 1933లో న్యూయార్క్‌లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ స్ట్రెప్టోకాకస్‌లను రక్తద్రవ పరీక్షతో గ్రూపులుగా విడదీసింది. రెండేళ్లకు రొనాల్డ్ హేర్‌తో కలిసి ప్రసవిస్తున్న స్త్రీలలో గ్రూప్ బి దొరికితే హాని లేనిదని వర్గీకరించింది. 1938లో ఫ్రై అనే లండన్ పరిశోధకుడు దీనివల్ల చనిపోయిన ముగ్గురు బాలింతల గురించి రాశాడు. 1970ల నాటికి అమెరికాలో అప్పుడే పుట్టిన బిడ్డల రక్తంలో విషం పాకించే క్రిముల్లో ఇది ముందు వరసకు వచ్చింది, నెలలు నిండని బిడ్డల్లో మరీ. గర్భిణుల్లో నూటికి పది నుంచి ముప్పై మంది దాకా దీన్ని మోస్తారు, అది వచ్చిపోతూ ఉంటుంది. నాలుగో నెలలో స్వాబ్ తీస్తే ప్రసవం నాటికి ఏముంటుందో చెప్పలేం. 1986లో చికాగోలో బోయర్, గోటాఫ్ నొప్పుల సమయంలోనే తల్లికి ఆంపిసిలిన్ ఎక్కిస్తే బిడ్డకు ఇన్‌ఫెక్షన్ తగ్గుతుందని చూపారు. 2002లో అమెరికా ప్రతి గర్భిణికీ 35 నుంచి 37 వారాల మధ్య స్వాబ్ తీయాలని నిర్ణయించింది. తొలివారంలో బిడ్డలకు వచ్చే ఈ జబ్బు 1990ల తొలినాళ్లలో వెయ్యికి 1.7 ప్రాంతంలో ఉండేది, 2015 నాటికి 0.23కు దిగింది. ల్యాబ్ పద్ధతి పాతదే, క్రిమి పాతదే. మారింది స్వాబ్ తీసే వారం, మందిచ్చే గంట. ఇది కాన్పును ఆపే పరీక్ష కాదని గుర్తుంచుకోవాలి. ముందస్తు నొప్పులతో వచ్చిన స్త్రీ ఆ 35వ వారం దాకా ఆగదు కూడా. ఆమెకు స్వాబ్ ఫలితం రాకముందే మందు మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇక చూపు పక్షాన నిలబడేవారి అసలు బలం జన్యు పరీక్షల దగ్గరుంది. కల్చర్‌లో పెరగనివాటిని మనం గుడ్డిగా వదిలేశాం, గీతల గురించి మాట్లాడే ముందు కనబడాలి కదా అంటారు. నిజమే. 2005లో సియాటిల్‌లో ఫ్రెడ్రిక్స్ బృందం పీసీఆర్ ద్వారా వజైనోసిస్‌లో అంతవరకు ఎవరూ పెంచని కొత్త బ్యాక్టీరియాలను చూపింది. 2008లో ముందస్తు నొప్పులు వచ్చిన 166 మంది ఉమ్మనీటిని పరీక్షిస్తే కల్చర్ నూటికి పది మందిలోపే క్రిములు చూపింది, పీసీఆర్ కలిపితే అది 15కు పెరిగింది. ఇది గెలుపే, ఎందుకంటే అవి ఉమ్మనీటిలో దొరికాయి. తర్వాత అదే చూపు మాయ (ప్లాసెంటా) మీద పడింది. 2014లో 320 మాయలను పరీక్షించిన ఒక బృందం మాయకు సొంత సూక్ష్మజీవ సమూహం ఉందని ప్రకటించింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో సాల్టర్ తదితరులు, పరీక్షలో వాడే కిట్లలోనే, రసాయనాల్లోనే బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుందని, నమూనాలో క్రిములు తక్కువైన కొద్దీ ఆ కిట్ మురికే ఫలితంగా బయటపడుతుందని చూపారు. 2019లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 537 మంది స్త్రీల మాయలను, ఖాళీ కిట్లను కూడా పక్కన పెట్టి, రెండు పద్ధతుల్లో పరీక్షించారు. మాయకు సొంత సమూహమేదీ తేలలేదు. నిజంగా మిగిలింది గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, నూటికి అయిదు మాయల్లో. ఒక్క డీఎన్‌ఏ తునకను కూడా పట్టగల పరీక్ష, ఎన్ని తునకలుంటే లెక్కలోకి తీసుకోవాలో చెప్పకపోతే, శూన్యంలో కూడా క్రిములను చూపిస్తుంది. 1950లలో మూత్రం ముందు కూర్చున్న కాస్‌కు ఎదురైన చిక్కు ఇదే, పరికరం మాత్రమే మారింది.

2020లో ప్రపంచంలో 1.34 కోట్ల మంది బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారని, అందులో 30 లక్షల మంది భారతదేశంలోనే అని అంచనా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణికి హిమోగ్లోబిన్, మూత్రంలో ఆల్బుమిన్, చక్కెర, సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు జరుగుతాయి. వీటిలో సిఫిలిస్ పరీక్ష ఎంత విలువైనదో పైన చూశాం. ఒక్క గర్భిణికి కూడా అది తప్పకూడదు. పట్నాల్లో ప్రైవేటు ల్యాబులు అదనంగా స్వాబ్ కల్చర్లు, పీసీఆర్ ప్యానెళ్లు అమ్ముతున్నాయి. ఒకేసారి పదీ ఇరవై క్రిముల పేర్లు రాసి, ప్రతిదాని పక్కన ఉంది, లేదు అని చెప్పే రిపోర్టులవి. వాటిలో యూరియాప్లాస్మా ఉందని చూసి గర్భిణికి యాంటీబయాటిక్ రాయడం, 1991లో తేలిన విషయాన్ని మరిచిపోవడమే. మన స్త్రీలకు గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం అరువు తెచ్చుకోలేం. 2011లో అమెరికాలో 396 మంది స్త్రీలను పరీక్షించినప్పుడు, ఆరోగ్యంగానే ఉన్న నల్లజాతి, హిస్పానిక్ స్త్రీలలో పదిమందిలో దాదాపు నలుగురికి ల్యాక్టోబాసిల్లస్ ఆధిక్యం లేదు, పీహెచ్ 4.5 దాటే ఉంది. సియాటిల్ గుర్తుల ప్రకారం వారిలో చాలామంది జబ్బు అంచున ఉన్నవారే. 2015లో హర్యానాలోని గురుగ్రామ్ సివిల్ హాస్పిటల్‌లో గర్భ్-ఇని అనే పరిశోధన మొదలైంది. సుమారు ఎనిమిది వేల మంది గర్భిణులను మొదటి నెలల నుంచి కాన్పు దాకా వెంబడించి, స్కానింగులు చేసి, రక్తం, స్రావాల నమూనాలు దాచి, ఏ బిడ్డ ఎన్నో వారంలో పుట్టాడో రాసుకున్నారు. ముందు బిడ్డల లెక్క తీసుకుని, ఆ తర్వాత వెనక్కి వెళ్లి నమూనాల్లో గీత ఎక్కడ పడుతుందో వెతికే పద్ధతి అది. మన గర్భిణులకు సొంత హద్దు దొరకాలంటే, ఇలాంటి లెక్క కాకినాడలో, వరంగల్‌లో, కర్నూలులో కూడా తీయాలి.